పాత ట్రాక్టర్ పవర్ స్టీరింగ్: పొద్దున తేలిక, వేడెక్కితే బరువు

ఉండి ఊరి రైతు (ప్రశ్న)

మా బండి 2008 మోడల్, 42 హార్స్ పవర్. 2017లో తణుకు వైపు ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు రాయను. రాస్తే ఏ కంపెనీ గొప్పదని గొడవ మొదలై నా స్టీరింగ్ సంగతి మూలకి పోతుంది.

సార్వా దమ్ము నడుస్తోంది. పొద్దున ఆరింటికి స్టార్ట్ చేస్తే స్టీరింగ్ ఒక్క వేలితో తిరుగుతుంది. గంటన్నర దమ్ము చేశాక మొదలవుతుంది బాధ. మడి మూల దగ్గర తిప్పాలంటే రెండు చేతులూ చాలవు, భుజం కూడా ఆనించాలి. ఎడమకైనా కుడికైనా ఒకటే బరువు, మధ్యలో జర్కులు. బండి ముందు వైపు నుంచి సన్నగా ‘కుయ్యి’మని రాగం, స్టీరింగ్ తిప్పేకొద్దీ పెరుగుతుంది. స్టీరింగ్ నూనె ట్యాంకు మూత తీసి చూస్తే నూనె మీద కల్లు ముంతలో లాగా నురగ. ఇంకోటి, స్టీరింగ్ మీద గుబ్బ ఇదివరకు నేరుగా పోయేటప్పుడు ఎడమ చేతి దగ్గర ఉండేది. ఇప్పుడు రోజుకో చోట ఉంటోంది.

ఊళ్లో షెడ్డుకి తీసుకెళితే బానెట్ కూడా ఎత్తకుండానే ఆర్బిట్రాల్ (స్టీరింగ్ తిప్పినప్పుడు నూనెను చక్రాల వైపు పంపే యూనిట్) పోయింది, 9,000 అవుతుందన్నారు. బయటికి చుక్క కారడం లేదు. నిజంగా అదేనంటారా?

తెనాలి పెద్దాయన

బాబూ, ముందు కింగ్ పిన్నులకి, అంటే ముందు చక్రాలు పక్కకి తిరిగే పిన్నులకి, గ్రీజు కొట్టి ఎన్నాళ్లయింది? దమ్ములో గ్రీజు ఎక్కించే నిప్పుళ్లలోకి బురద దూరి గట్టిపడిపోతుంది, గన్ను నొక్కితే గ్రీజు బయటి నుంచే పక్కకి పోతుంది. ముందు ఇరుసుకి జాకీ పెట్టి చక్రాలు లేపి, చక్రం పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూడు. టైర్లలో గాలి కూడా చూసుకో. నా బండికి పవర్ స్టీరింగే లేదు, ముప్పై ఏళ్లుగా గ్రీజు గన్నుతోనే నెట్టుకొస్తున్నా.

మిర్యాలగూడ మెకానిక్

పెద్దాయన చెప్పింది కరెక్టే, అది చెయ్యి. గాని గ్రీజు కరువైతే పొద్దున గూడ బరువే ఉంటది. నీది వేడెక్కినంక వస్తుంది, పైగా నురగ, సప్పుడు. నూనెల గాలి కలుస్తున్నది అన్నా. ఆర్బిట్రాల్ జోలికి ఇప్పుడే పోకు.

ఒక పని చెయ్యి. బండి వేడి మీద, బరువైనప్పుడే చెయ్యాలె, పొద్దున చేస్తే లాభం లేదు. ముందు ఇరుసు జాకీతో లేపి కింద కట్టె దిమ్మ పెట్టు. ఇంజన్ బందు చేసి స్టీరింగ్ తిప్పు. నూనె పంపు నడవకున్నా ఆర్బిట్రాలే చేతిపంపు లెక్క నూనెను చక్రాలు తిప్పే సిలిండర్‌కు తోస్తది. బరువుగనైనా చక్రాలు తిరిగితే ఆర్బిట్రాల్, సిలిండర్ చాలావరకు మంచిగున్నట్టే, తప్పు పంపు దిక్కున్నది. స్టీరింగ్ ఉత్తగ తిరిగి చక్రాలు కదలకుంటే అప్పుడు లోపల లీకు అనుకో.

గుబ్బ సంగతి పట్టించుకోకు. స్టీరింగ్‌కు చక్రాలకు నడుమ రాడ్ లేదు, నూనె ఒక్కటే. లోపల కొంచెం జారుతనే ఉంటది, కొత్త బండిల గూడ గుబ్బ జాగ మారుతది.

ఉండి రైతు

పదిన్నరకి, బాగా బరువెక్కాక చేశాను. ఇంజన్ ఆపి తిప్పితే చక్రాలు రెండు వైపులా చివరిదాకా తిరిగాయి.

మిర్యాలగూడ మెకానిక్

గట్లయితే 9,000 జేబుల్నే పెట్టుకో. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే లావు పైపు చూడు. అండ్ల ప్రెషర్ ఉండది, పంపు నూనెను గుంజుకుంటది. క్లిప్పు వదులైతే నూనె బయటికి కారకున్నా గాలి లోపలికి పోతది. ఇంజన్ నడుస్తుండంగ ఆ పైపు అణుగుతుందా చూడు, ఫ్యాన్ బెల్టు పక్కన చెయ్యి పెట్టకు. ఫిల్టర్ కడుగు. పంపు నుంచి పోయే ప్రెషర్ పైపుల లీకులు మాత్రం చేత్తో తడుమొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడు. సన్నటి రంధ్రం నుంచి కొట్టే నూనె తోలు చీల్చుకొని లోపలికి పోతది. సూది గుచ్చినంతే కనపడతది గాని వెంటనే దవాఖానకు పోకపోతే చెయ్యే పోతది.

ఉండి రైతు

దొరికింది. ఎవరి మీదా కోప్పడలేను, మా ఇంటి దొంగే. పోయిన దాళ్వాలో ఆ పైపు పగిలితే మా డ్రైవరు మోటారు నీళ్ల పైపు ముక్క కోసి పెట్టాడు, నాకు చెప్పలేదు. నూనెకీ వేడికీ నాని ఉడికిన సొరకాయ ముక్కలా మెత్తబడింది. ఇంజన్ రేజ్ చేస్తే నడుమ అణిగిపోతోంది, వదిలితే లేస్తోంది. క్లిప్పు కింద వేలి గోరు పట్టేంత సందు. ఫిల్టర్ నిండా నల్లటి మడ్డి. ట్యాంకులో ఏ నూనె పోశావురా అంటే, ‘డబ్బాలో ఉన్నది’ అన్నాడు.

నూనెకి ఆగే హోస్ 280కి భీమవరంలో దొరికింది. పాత నూనె మొత్తం దించి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోశాను. చక్రాలు జాకీ మీదే ఉంచి, స్లోలో ఆ చివర నుంచి ఈ చివరకి పదిసార్లు తిప్పితే బుడగలన్నీ పోయాయి. తగ్గిన నూనె మళ్లీ పోశాను. నిన్న ఆరు గంటలు దమ్ము చేశాం, రాగం లేదు, బరువు లేదు.

పెద్దాయన గారూ, మీరన్నదీ నిజమే. ఎడమ కింగ్ పిన్ చుట్టూ ఉండే బుష్ అరిగి చక్రం ఊగుతోంది. దమ్ములయ్యాక విప్పుతాను. కొత్త బుష్ కొట్టాక రీమర్ వేయించి లోపలి రంధ్రం సరిచేయించాలా, అలాగే సరిపోతుందా?

మిర్యాలగూడ మెకానిక్

ఏపియ్యాలె. బుష్ కొట్టంగనే లోపల కొంచెం బిగుసుకుంటది. పిన్ను ఎంబట తీస్కపో, దానికి సరిపోను చేపియ్యి. గ్రీజు రంధ్రం ఎదురుగ పడ్డదో లేదో కొట్టకముందే చూసుకో.