పాత ట్రాక్టర్ డీజిల్ ఇంజిన్‌లో గట్టిగా నాకింగ్, ఇంజిన్ దింపాల్సిందేనా?

ప్రశ్న (అడిగినవారి పేరు: మూడు సిలిండర్లు):
మాది పాత ట్రాక్టర్, మెకానికల్ పంపు ఉన్న ఇంజిన్. కొన్నాళ్లుగా లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టక్ టక్‌మని చప్పుడు. డీజిల్ ఇంజిన్‌కి మామూలుగా ఉండే చప్పుడు నాకు తెలుసు, ఇది అది కాదు. చల్లగా ఉన్నప్పుడూ వస్తోంది, వేడెక్కినా తగ్గట్లేదు, నాగలి దించి లోడ్ పెడితే ఇంకా పెరుగుతోంది, పొగ కూడా నల్లగా వస్తోంది. చూసిన మెకానిక్ బేరింగులు పోయాయి, ఇంజిన్ మొత్తం విప్పాలి అంటున్నాడు. దున్నకం మధ్యలో ఆగిపోయింది, టెన్షన్‌గా ఉంది. విప్పేముందు నేను చూసుకోగలిగేది ఏమైనా ఉందా?

పాతకాపు:
అప్పుడే విప్పనివ్వకండి. ముందు చప్పుడు ఏ సిలిండర్‌దో తేలాలి. ఐడిల్‌లో పెట్టి, ఇంజెక్టర్‌కి (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) వచ్చే హై ప్రెజర్ పైపు నట్టును ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేయండి, డీజిల్ బయటికి కారిపోయి ఆ సిలిండర్ మండడం ఆగుతుంది, ఇంజిన్ తడబడుతుంది. అప్పుడు చప్పుడు పోతే గొడవ ఆ సిలిండర్‌లోనే. ఏది వదులు చేసినా తేడా లేకపోతే టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర వదిలే సందు), టైమింగ్ గేర్లు, ఫ్లైవీల్ బోల్టుల వైపు చూడాలి. నట్టు మీద మందపాటి గుడ్డ వేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి, చెయ్యి మాత్రం ఆ ధారకు అడ్డం పెట్టకండి. ఆ ప్రెజర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి సూది గుచ్చినంతే కనబడినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. కామన్ రైల్ ఇంజిన్ (కంప్యూటర్‌తో నడిచే, ఇంకా ఎక్కువ ప్రెజర్ ఉండే కొత్త రకం) ఉన్నవాళ్లు ఇది చదివి ఈ పని అసలు చేయొద్దు.

సిలిండర్ దొరికాక దాని ఇంజెక్టర్‌ని పక్క సిలిండర్‌ దానితో మార్చి బిగించండి. చప్పుడు కూడా పక్కకు వెళ్తే తప్పు నాజిల్‌ది (ఇంజెక్టర్ కొసన డీజిల్ చిమ్మే భాగం), అక్కడే ఉండిపోతే పిస్టన్ పిన్నో, కనెక్టింగ్ రాడ్ కింది కొసన ఉండే బిగ్ ఎండ్ బేరింగో.

ఆయిల్ ప్రెజర్ (ఇంకో సభ్యుడి పేరు):
నల్ల పొగ అన్నారు కాబట్టి నాకూ నాజిల్ మీదే అనుమానం, కానీ బేరింగ్ సంగతి తేలేదాకా లోడ్ పెట్టొద్దండీ. బేరింగ్ అరిగితే వేడి మీద ఐడిల్‌లో ఆయిల్ ప్రెజర్ పడిపోతుంది. పాత బండి మీటర్‌ని నమ్మకుండా విడిగా గేజ్ పెట్టి చూసి, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతో పోల్చండి. తర్వాత ఆయిల్‌ని శుభ్రమైన ట్రేలోకి దించి ఎండలో చూడండి, ఫిల్టర్ కోసి మడతలు విప్పండి. తళుకులు కనబడ్డాయంటే, అందులోనూ రాగి రంగువి ఉంటే, బేరింగ్ పైపొర అరిగిపోయినట్టే, అప్పుడు మీ మెకానిక్ మాటే నిజం. డిప్‌స్టిక్ వాసన కూడా చూడండి. కారే నాజిల్ డీజిల్‌ని సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దింపి ఆయిల్‌ని పల్చన చేస్తుంది, దాన్ని అలాగే నడిపితే బాగున్న బేరింగులూ పోతాయి.

మూడు సిలిండర్లు:
అన్నా, రెండో సిలిండర్ నట్టు వదలగానే చప్పుడు ఆగింది! ఒకటో సిలిండర్, రెండో సిలిండర్ ఇంజెక్టర్లు అటూ ఇటూ మార్చి బిగిస్తే ఇప్పుడు ఒకటో దాంట్లో కొడుతోంది. గేజ్ పెట్టాను, వేడి మీద కూడా ప్రెజర్ మాన్యువల్‌లో చెప్పినట్టే ఉంది. ఆయిల్‌లో తళుకుల్లేవు కానీ డీజిల్ వాసన కొద్దిగా ఉంది, లెవెల్ కూడా పైకొచ్చింది.

పాతకాపు:
అయితే నాజిలే, ఇంజిన్ ముట్టుకోనక్కర్లేదు. మూడు ఇంజెక్టర్లూ డీజిల్ పంపు రిపేరు చేసేవాళ్ల దగ్గర టెస్టర్ మీద పెట్టించి, మీరు పక్కనే నిలబడి చూడండి. మాన్యువల్‌లో చెప్పిన ప్రెజర్‌కే తెరుచుకోవాలి, పొగమంచులా సన్నగా చిమ్మాలి, ఆపగానే కొస పొడిగా ఉండాలి. చుక్క వేలాడితే ఆ నాజిల్ మార్చాల్సిందే, రాపిడి చేసి సరిపెడతామంటే ఒప్పుకోకండి. బిగించేటప్పుడు కింద పాత రాగి వాషర్ హెడ్‌లోనే అతుక్కుని ఉందేమో టార్చి వేసి చూడండి, దాని మీదే కొత్తది పడితే నాజిల్ ఎత్తులో కూర్చుంటుంది. ఇంజెక్టర్‌ని పట్టి ఉంచే రెండు నట్లూ సమానంగా కొంచెం కొంచెం బిగించండి.

ఆయిల్ ప్రెజర్:
ఆయిల్, ఫిల్టర్ మార్చకుండా మాత్రం పొలంలోకి దించకండి, డీజిల్ కలిసిన ఆయిల్‌తో ఒక్క పూట కూడా వద్దు. డీజిల్ పైపుల్లో గాలి తీసి స్టార్ట్ చేశాక మూడింటిలోనూ సమానంగా కొడుతుంటే పంపు టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) ముందుకు జరిగిందేమో చూడాలి, అప్పుడు మళ్లీ రాయండి.