రూమ్మేట్స్ మనోళ్లే, అయినా ఉండలేకపోతున్నా. ఏం చేయాలి?

మర్రిగూడ తమ్ముడు, డల్లాస్ దగ్గర:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఒక పల్లె. ఆగస్టులో మాస్టర్స్‌కు వచ్చాను. నలుగురం తెలుగువాళ్లం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లకు నా పళ్ల మీద గోధుమ రంగు చారలు పడ్డాయి. మొదటి వారంలోనే "బ్రష్ చేయవా?" అన్నారు. తర్వాత నా ఫొటోను వాట్సాప్ స్టిక్కర్ చేశారు. నేను "గట్లనే" అంటే చాలు, ముగ్గురూ ఆ మాటే పట్టుకొని రాత్రంతా నవ్వుతారు. పోయిన వారం ఒకతను "మీరేమిట్లు?" అని నా కులం అడిగాడు. చెప్పాను. మర్నాటి నుంచి నా గిన్నె, గ్లాసు వేరే పెట్టుకోమన్నారు. క్లాస్ ప్రాజెక్టులో కూడా వాళ్లతోనే ఉన్నాను. నాన్న రెండెకరాలు తాకట్టు పెట్టి పంపాడు, ఇంట్లో చెప్పలేను. కంప్లయింట్ ఇస్తే వీసాకు ఏమన్నా అవుతుందా?

మునుగోడు అన్న, పదేళ్లుగా టెక్సాస్‌లో:

తమ్ముడూ, ముందు వీసా మాట. నీకు జరిగిన అన్యాయం మీద యూనివర్సిటీకి కంప్లయింట్ ఇచ్చినందుకు ఎఫ్-1, అంటే నీ స్టూడెంట్ వీసా, పోదు. పోయేది వేరే దారిలో. టెన్షన్‌తో క్లాసులు మానేసి, ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగకుండా కోర్సు డ్రాప్ చేసి క్రెడిట్లు ఫుల్‌టైమ్ కంటే తగ్గితే స్టేటస్ పోతుంది. అందుకే కోర్సు తగ్గించుకోవాలి అనిపిస్తే డ్రాప్ బటన్ నొక్కకముందే నీ డీఎస్‌వోతో, అంటే ఆ ఆఫీసులో నీ వీసా రికార్డు చూసే ఆఫీసర్‌తో, మాట్లాడు. ఆరోగ్యం బాగాలేనప్పుడు డాక్టర్ లెటర్‌తో తక్కువ క్రెడిట్లు తీసుకోవడానికి పద్ధతి ఉంది, కానీ అనుమతి ముందే రావాలి.

నీ పళ్ల గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నావీ అలాంటివే. అది శుభ్రతకు సంబంధించింది కాదు. పంటి పైపొర తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే ఆ మరక పడుతుంది, ఎంత తోమినా పోదు. మన మునుగోడు, మర్రిగూడ వైపు ఎముకలు వంగిపోయిన మనుషులను చూసి పెరిగాం మనం. నేను వచ్చిన కొత్తలో నా రూమ్మేట్స్ కూడా ఇదే మాట పట్టుకున్నారు. నేను నోరు మూసుకొని నవ్వడం నేర్చుకున్నాను. ఒక రాత్రి బ్యాగు సర్దుకొని ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చాను. లీజు మీద నా సంతకం ఉంది కాబట్టి నాలుగు నెలల అద్దె రెండు చోట్లా కట్టాను. నువ్వు అలా చేయకు. లీజు కాగితం తీసుకొని యూనివర్సిటీలో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ ఉందేమో చూడు. చాలా చోట్ల ఉంటుంది, స్టూడెంట్స్‌కు ఫ్రీ. నీ వాటా వేరేవాళ్లకు రాసివ్వొచ్చా అని వాళ్లనే అడుగు.

గిన్నె వేరే పెట్టమన్నది మాత్రం ఎగతాళి కాదు. మన ఊళ్ల హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏమిటో మన నాయనలకు తెలుసు. అది విమానమెక్కి ఇక్కడికి వచ్చింది. "మనోళ్లే కదా, బయటపడితే మనకే పరువు తక్కువ" అని నీకు చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. దయచేసి వినకు.

ఈ రాత్రే కూర్చొని రాయి. తేదీ, టైము, ఎవరు ఏమన్నారు, అక్కడ ఇంకెవరున్నారు. వాళ్లు అన్న మాటలు తెలుగులో అన్నవి అన్నట్టే రాసి, కింద ఇంగ్లిష్‌లో అర్థం రాయి. వాట్సాప్ గ్రూపులో కోపంతో లెఫ్ట్ అవకు, ముందు స్క్రీన్‌షాట్లు తీసి చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి నీ మెయిల్‌కు పంపుకో. వాళ్లు డిలీట్ చేస్తే తర్వాత ఏమీ మిగలదు.

కంప్లయింట్‌లో ర్యాగింగ్ అని రాయకు, ఇక్కడివాళ్లకు ఆ మాట అర్థం కాదు. మన దగ్గర 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, ఇక్కడ దాన్ని హెరాస్‌మెంట్, డిస్క్రిమినేషన్ అంటారు. 1964 సివిల్ రైట్స్ యాక్ట్‌లోని టైటిల్ సిక్స్ ప్రకారం ఫెడరల్ డబ్బు తీసుకునే కాలేజీలో జాతి, రంగు, పుట్టిన దేశం పేరుతో వివక్ష కుదరదు. కులం అన్న మాట అందులో నేరుగా లేదు. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ పాలసీల్లో కులాన్ని చేర్చాయి. సియాటెల్ నగరం 2023లో చట్టమే చేసింది. మీ పాలసీలో ఆ మాట ఉందో లేదో చూడు. లేకపోయినా ఆగకు. జరిగింది జరిగినట్టు రాయి, ఏ రూలు కిందికి వస్తుందో తేల్చడం వాళ్ల పని. క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్ అయినా చాలా యూనివర్సిటీల కండక్ట్ కోడ్ వర్తిస్తుంది. పైగా ప్రాజెక్టు క్లాసులోనే ఉంది కదా. గ్రూపు మార్చమని ప్రొఫెసర్‌కు ఈరోజే రెండు లైన్ల మెయిల్ పెట్టు, కారణం మొత్తం చెప్పక్కర్లేదు.

పాలమూరు అక్క, డల్లాస్:

తమ్ముడూ, అన్న చెప్పిన లీజు మాట నిజమే. కానీ గిన్నె ముట్టొద్దన్న ఇంట్లో నిన్ను నెలల తరబడి ఉండమని నేను చెప్పలేను. డబ్బు పోతే పోయింది. ఎవరైనా చెయ్యెత్తితే ఆలోచించకుండా 911కు, అంటే ఇక్కడి పోలీసు ఎమర్జెన్సీ నంబరుకు, ఫోన్ చెయ్యి.

నన్ను ఇక్కడ "పాలమూరు లేబర్" అని పిలిచేవాళ్లు. మా తాత నిజంగానే ఆనకట్టల పనికి దేశమంతా తిరిగాడు. ఆ పేరు విన్నప్పుడల్లా తల దించుకునేదాన్ని. సిగ్గుపడాల్సింది నేను కాదని తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర ఎవరితోనూ మాట్లాడలేదు, అందుకే ఇది రాస్తున్నాను. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లు. అక్కడ చెప్పింది నీకో ఇంకొకరికో ప్రాణాపాయం లాంటిది ఉంటే తప్ప మామూలుగా బయటికి పోదు. ప్రొఫెసర్, టీఏ (టీచింగ్ అసిస్టెంట్) అలా కాదు. ముఖ్యంగా ఆడపిల్లలు తెలుసుకోవాలి, లైంగిక వేధింపు గురించి వాళ్లకు చెబితే చాలా చోట్ల వాళ్లు టైటిల్ నైన్ ఆఫీసుకు, అంటే అలాంటి ఫిర్యాదులు చూసే యూనివర్సిటీ ఆఫీసుకు, చెప్పి తీరాలి. చెప్పే ముందు "ఇది మీ దగ్గరే ఉంటుందా?" అని అడగడం తప్పు కాదు. రాత్రి మరీ భారంగా ఉంటే 988, అది మనసు కుంగినప్పటి హెల్ప్‌లైన్, ఫోన్ అయినా మెసేజ్ అయినా.

మునుగోడు అన్న:

అక్క మాటే సరైంది, ఇల్లు మారు. ఒక్కటి మర్చిపోయాను. చాటుగా వాళ్ల మాటలు రికార్డ్ చేయమని ఎవరో ఒకరు చెబుతారు. టెక్సాస్‌లో నువ్వు పాల్గొన్న సంభాషణ నువ్వు రికార్డ్ చేసుకోవచ్చు, కాలిఫోర్నియాలో అందరి అనుమతీ కావాలి. నువ్వు లేని గదిలో ఫోన్ పెట్టి రావడం మాత్రం ఎక్కడా వద్దు. యూనివర్సిటీలో పని జరగకపోతే ఫెడరల్ విద్యాశాఖ సివిల్ రైట్స్ ఆఫీసుకు రాయొచ్చు, మామూలుగా గడువు 180 రోజులు. కంప్లయింట్ ఇచ్చావని ఎవరైనా నిన్ను మళ్లీ ఇబ్బంది పెడితే అదీ రాసిపెట్టు, చట్టం దాన్ని విడిగా తప్పుపడుతుంది.

మర్రిగూడ తమ్ముడు:

అన్నా, అక్కా, రాత్రి రెండు దాకా రాశాను, నాలుగు పేజీలు వచ్చింది. ప్రొఫెసర్ గ్రూపు మార్చారు, కారణం అడగలేదు. డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసులో మంగళవారం 10 గంటలకు అపాయింట్‌మెంట్. ఒక్కడినే వెళ్లాలంటే కాళ్లు ఆడడం లేదు.

పాలమూరు అక్క:

తోడు తెచ్చుకోవచ్చా అని వాళ్లకు ఈరోజే మెయిల్ పెట్టు. లోపలికి రానివ్వకపోతే బయట కుర్చీలో కూర్చుంటా. 9:30కల్లా లైబ్రరీ ముందు ఉంటాను. ఆ నాలుగు పేజీలు రెండు కాపీలు తీసుకొని రా. బట్టల బ్యాగు కూడా తెచ్చుకో, గది దొరికేదాకా మా ఇంట్లోనే ఉందువు.