సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తున్నాం, ఇల్లు ఎలా వదిలి వెళ్లాలి?

బోడుప్పల్_బాబు:
అందరికీ నమస్తే. మాది బోడుప్పల్‌లో సొంతిల్లు. పైన అద్దెకున్నవాళ్లు కూడా పండక్కి వెళ్తున్నారు, ఎదురింటివాళ్లు నిన్ననే ఒంగోలు వెళ్లిపోయారు, అంటే వీధి దాదాపు ఖాళీ. అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి సికింద్రాబాద్‌లో ఎక్కి తెల్లారేసరికి రాజమండ్రిలో దిగి అమలాపురం బస్సెక్కాలి. గేటు దగ్గర వైఫై కెమెరా పెట్టించా కానీ మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఊరెళ్తే మెయిన్ ఆపేసే అలవాటు, మెయిన్ ఆపితే వైఫై పోతుంది, ఇక కెమెరా ఉండి ఏం లాభం? ఆపకపోతే అమ్మ ఊరుకోదు. పండక్కి పెట్టుకునే బంగారం కొంచెం వెంట తీసుకెళ్లి, మిగతాది బియ్యం డబ్బాలో దాచేద్దాం అంటోంది. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

పద్మక్క:
బియ్యం డబ్బా మాత్రం వద్దు తమ్ముడూ, బీరువా అయ్యాక దొంగలు వెతికేది వంటింట్లో డబ్బాలే. రెండేళ్ల కింద సరిగ్గా పండక్కే మా ఇంట్లో పడ్డారు. అరచేయంత ఇత్తడి తాళం వేసి వెళ్లాం. వచ్చి చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది, కాకపోతే గొళ్ళెంతో సహా గడప ముందు పడి ఉంది! స్క్రూలకి ఇంకా చెక్క పొట్టు అంటుకుని ఉంది. అరంగుళం స్క్రూలు నాలుగు, అంతే, దాన్ని పట్టుకున్నవి. తాళానికి ఎనిమిది వందలు పెట్టి గొళ్ళేన్ని ఎవరూ చూడలేదు. వెండి కుందులు, పిల్ల పట్టీలు పోయాయి. ఇప్పుడు తలుపు అవతలి వరకూ బోల్టులు దింపించి లోపలి వైపు నట్లు బిగించాం.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. ధనుర్మాసంలో వీధంతా ముగ్గులుంటే ఒక్క వాకిలి బోసిగా ఉందంటే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. మా పనమ్మాయి ఊరెళ్లదు, ఆమెకి రోజుకి యాభై ఇచ్చి వాకిలి ఊడ్చి ముగ్గేయమన్నాం, గేట్లో పడ్డ కరపత్రాలు కూడా తీసేస్తుంది. పాలు, పేపరు ఆపమని ముందే చెప్పండి. గేటు తాళం లోపలి వైపుకి ఉండేలా వేయండి.

బెజవాడ_బుల్లోడు:
మెయిన్ ఎందుకు ఆపడం అన్నా, డీబీలో (మెయిన్ స్విచ్ ఉండే పెట్టె) గీజరు, ఏసీ, మోటారు ఎంసీబీలు (ఒక్కో లైన్‌కి ఉండే చిన్న స్విచ్చులు) కిందికి దించేసి వైఫై ఉన్న లైన్ ఒక్కటే ఉంచు. ఫ్రిజ్ కూడా అదే లైన్ మీదుంటే ఖాళీ చేసి ప్లగ్ పీకెయ్. గ్యాస్ రెగ్యులేటర్ తీసేస్తే అమ్మగారికీ ధైర్యం. కెమెరాలో మెమరీ కార్డు ఉందని నిశ్చింతగా ఉండకు, కెమెరానే పీక్కెళ్తే కార్డు కూడా వాడితోనే పోతుంది, ఫోన్‌కి అలర్ట్ వస్తోందో లేదో ఒకసారి గేటు దగ్గర నడిచి చూసుకో.

మా వైపు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని తాళమేసిన ఇళ్ల మీద పోలీసుల నిఘా ఉంది, ఊరెళ్లే ముందు యాప్‌లో చెబితే పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెట్టి వెళ్తారు, డబ్బులేం తీసుకోరు. మీ హైదరాబాద్‌లో అయితే స్టేషన్‌కి వెళ్లి అడ్రసు, ఫోన్ నంబరు, ఏ రోజుల్లో ఉండరో రాసిచ్చి రా.

కూకట్‌పల్లి_కుర్రాడు:
రాసిస్తే ఏం చేస్తారు బ్రో, పక్కన పడేస్తారు.

బెజవాడ_బుల్లోడు:
పడేసినా నీకు పోయేదేంటి, పది నిమిషాలు. పోలీసుల బ్లూ కోల్ట్స్ గస్తీ బండి రాత్రి ఒక్కసారి నీ వీధిలోకి తిరిగినా లాభమే కదా.

రైలు_బాబాయ్:
బంగారం సంగతి ముందు తేల్చు బాబూ. రాబోయేది రెండో శనివారం, బ్యాంకు ఉండదు, రేపే వెళ్లి లాకర్లో పెట్టు. లాకర్లోంచి దొంగతనం జరిగితే బ్యాంకు ఇచ్చేది ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే, 2022 నుంచి ఆర్బీఐ రూలు అదీ. అయినా బియ్యం డబ్బా కంటే నయం.

పండక్కి వేసుకునే గాజులు రైల్లో ఒంటి మీద వద్దు, అమ్మ బ్యాగు తలకింద పెట్టుకుని పడుకోవాలి, కిటికీ పక్కన మెడలో గొలుసుతో అసలొద్దు. బండి స్టేషన్ బయట ఔటర్ సిగ్నల్ దగ్గర నెమ్మదించినప్పుడే చెయ్యి లోపలికొస్తుంది. కింది బెర్తు కింద ఇనప రింగులుంటాయి, సూట్‌కేసుకి గొలుసేసి దానికి కట్టు. రాత్రి 11 నుంచి 5 దాకా చార్జింగ్ ప్లగ్గుల్లో కరెంటు ఉండదు, ఊరికే ఫోన్ వేలాడదీసి నిద్రపోకు. ఏదైనా పోతే 139కి కొట్టు. ఫిర్యాదు ఫారం టీటీఈ దగ్గరే రాసివ్వొచ్చు, దానికోసం మధ్యలో దిగక్కర్లేదు. తెల్లవారుజామున దిగేటప్పుడు పిల్లల్ని లెక్కపెట్టు ముందు, తర్వాత బ్యాగులు (నవ్వకండి, మా బావమరిది బ్యాగులన్నీ దించి కొడుకుని రైల్లో మర్చిపోయాడు, సామర్లకోటలో దొరికాడు).

పద్మక్క:
ఆ, ఇంకోటి. వెనక బాత్రూం వెంటిలేటర్ చూసుకో తమ్ముడూ. అద్దం పలకలుంటే చేత్తో లాగితే వచ్చేస్తాయి. ఊరెళ్లాక భోగి మంట ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దని మీ ఆవిడకి నువ్వే చెప్పుకో, నేను చెప్పను.

బోడుప్పల్_బాబు:
చాలా థాంక్స్ అండీ అందరికీ. డీబీ మాటకి అమ్మ ఒప్పుకుంది, గీజరు ఎంసీబీ తనే దించింది. లాకర్‌కి రేపు పొద్దున వెళ్తున్నా. అక్కా, మీరు చెప్పాక వెంటిలేటర్ చూశా, మూడు పలకలు చేతిలోకొచ్చేశాయి, నాలుగోది మా చిన్నాడే తీసిచ్చాడు. వెల్డింగ్ అబ్బాయి రేపు నాలుగింటికి గ్రిల్లుతో వస్తానన్నాడు.