కదలని బ్రేకు కేబుల్ అడ్జస్టరు

ప్రశ్న: విశాఖ బీచ్ రోడ్డులో రోజూ తొక్కే నా రోడ్ బైకు (సైకిలు) ముందు బ్రేకు మీద, కేబుల్ బిగువు సరిచేసే అడ్జస్టరు కదలడం లేదు. పట్టకారుతో తిప్పవచ్చునా?

జవాబు: ఒట్టి పట్టకారు వద్దండి, అల్యూమినియం మరలు ఇట్టే చెడిపోతాయి. ముందుగా 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో (ఆరు పలకల కీ) కేబుల్ బోల్టును వదులుచేసి, బిగువు పూర్తిగా పోయాక మర మొదట్లో పట్టేసిన మరలను వదులుచేసే డబ్ల్యూడీ-40 నూనె కొద్దిగా వేసి, రాత్రంతా నాననిచ్చి, పాత ట్యూబు ముక్క చుట్టి ఇటూ అటూ మెల్లగా కదిలించండి.

మరొక జవాబు: నూనె రిమ్ముకో రబ్బరుకో అంటితే బ్రేకు పట్టదు కనుక, ముందే చక్రం తీసేయండి. ఉప్పుగాలి ఊళ్లో అడ్జస్టరు ఇలా పట్టేయడం మామూలే.

అడిగినవారు: రెండో రోజున కదిలింది, కృతజ్ఞతలు. మరలకు గ్రీజు రాసి, పూర్తిగా లోపలికి తిప్పి, ఒక చుట్టు వెనక్కి తెచ్చాకే కేబుల్ బిగించాను.