ఓడ వేగం కొలిచే పాతకాలం పలక: చీల ముందే ఊడిపోతోంది, ఏం చేయాలి?

తెరచాప ఓడల్లో వేగం కొలవడానికి వాడిన పలకను సొంతంగా తయారుచేస్తున్నాను. ముడులు వేసిన తాడుకి పలక కట్టి ఓడ వెనక నీళ్లలోకి వదిలేవారు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి జారితే ఓడ వేగం అన్ని నాట్లు (knots, అంటే ముడులు; ఒక నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు). ఆ పేరే ఇప్పటికీ విమానాలకు కూడా వాడుతున్నాం.

లెక్కతో ఇబ్బంది లేదు. 28 సెకన్ల గడియారానికి ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు. (మొదట 30 సెకన్ల లెక్కన అన్నీ వేసేశాను, విప్పేసరికి గోళ్లు అరిగిపోయాయి.)

గొడవంతా పలకతోనే. వృత్తంలో నాలుగో వంతు ఆకారం, వంపు అంచుకి సీసం పట్టీ, మూడు మూలల నుంచి మూడు చిన్న తాళ్లు, అందులో ఒకటి చీలతో బిగించినది. పలక నీళ్లలో నిటారుగా నిలబడాలి. కొలత అయ్యాక తాడును ఒక్క గుంజు గుంజితే చీల ఊడి, పలక వెల్లకిలా పడి తేలిగ్గా వెనక్కి రావాలి. నాకేమో తాడు కాస్త బిగుసుకోగానే చీల ఊడిపోతోంది. పోనీ గట్టిగా దిగ్గొడితే, చెక్క నీళ్లకు ఉబ్బి అసలు కదలడం లేదు!

చీలను ఏటవాలుగా చెక్కాలా? ఎముకతోనో కొమ్ముతోనో చేస్తే ఉబ్బదంటారా? ఇంకొకటి, ఓడ వెనక సుళ్లు దాటేదాకా మొదట్లో కొంత తాడు లెక్కలోకి రాకుండా వదిలేవారు కదా, తెడ్ల పడవకి అది ఎంత సరిపోతుంది? చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.