ఎలీజా, ఎలోయీజా? పాప పేరు తేల్చి పెట్టండి

కావలి కోడలు:
మా పాపకు నిన్నటితో నాలుగు నెలలు నిండాయి. ఇంకా పేరు పెట్టలేదు. జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగానే ఉంది. మా వారు పుదుచ్చేరిలో నాలుగేళ్లు ఉద్యోగం చేసి వచ్చారు, అప్పటి నుంచి ఆయనకు ఫ్రెంచి పేర్ల మోజు. అమేలీ, ఎలోడీ, సెలీన్ అన్నీ వడపోసి చివరికి రెండు పేర్ల దగ్గర ఆగాం. నాకు ఎలీజ్ నచ్చింది, ఆయనకు ఎలోయీజ్. ఇంగ్లీషులో రాస్తే రెండింటికీ తేడా నడుమ ఉన్న 'ఓ' ఒక్కటే. ఆ ఒక్క అక్షరం మీద ఇంట్లో నెల రోజులుగా పంచాయతీ నడుస్తోంది.

ఒంగోలులో ఉండే ఆయన నాయనమ్మ పేరు ఎలీసబెతమ్మ. ఎలీజ్ అంటే ఎలీసబెతుకు ఫ్రెంచి వాళ్ల పొట్టి రూపమే, పెద్దావిడ పేరు నిలబెట్టినట్టూ ఉంటుంది అని నేనంటాను. ఎలోయీజ్ అంటుంటే రాగం తీసినట్టు ఉంటుందని ఆయనంటారు. మీరు ఎవరి పక్షం?

పెన్న ఒడ్డు:
తంటా మీ శీర్షికలోనే ఉందమ్మా. "ఎలీజా?" అని అడగ్గానే అది ఇంకో పేరైపోయింది. రేపు బడిలో టీచరు "నీ పేరు ఎలీజా?" అంటే పిల్ల అవునని తల ఊపాలా, కాదని ఊపాలా? పైగా హల్లుతో ఆగిపోయే పేరును మనం ఊరికే వదలం. డేవిడ్ మా వీధిలో డేవిడ్డు, జాన్ జాను. మీ పాప ఎలీజు అవుతుంది. అందుకు సిద్ధపడే పెట్టండి.

ఫ్రెంచి పాఠం:
ఎలీజు అయితే నష్టమేమీ లేదు, లాభమే. గాజు, రాజు అనేటప్పుడు నాలుక పళ్లకు తగిలి వచ్చే జ ఉంది చూడండి, పాతవాళ్లు జ మీద చిన్న గుర్తు పెట్టి రాసేవారు, అది ఫ్రెంచి చివరి శబ్దానికి బాగా దగ్గర. జిల్లేడులో పలికే జ కాదు. కావలిలో కూరగాయలమ్మే ఆవిడ ఎలీజు అని పిలిచినా పేరు చెడదు.

ఎలోయీజ్‌తోనే నాకు పేచీ. ఫ్రెంచిలో 'ఓ', 'ఐ' అక్షరాలు పక్కపక్కన పడితే 'వా' అని చదవాలి. ఇక్కడ అలా చదవవద్దని చెప్పడానికే 'ఐ' నెత్తిన రెండు చుక్కలు పెడతారు. మన ఆధార్ కార్డు మీద ఆ చుక్కలు ఎవరు పెడతారు? చుక్కలు పోతే అక్షరాల లెక్కన అది ఎల్వాజ్. పేరు ముందే విన్న ఫ్రెంచి వాళ్లు సర్దుకుని చదువుతారు, అది వేరే సంగతి.

ఒంగోలు మనవడు:
చుక్కల కోసం పేరు మానుకుంటామా? ఎలోయీజ్‌కు చరిత్ర ఉంది. 12వ శతాబ్దంలో పారిస్‌లో ఆ పేరు గల విదుషి ఉండేది. లాటిన్‌లో దిట్ట, గ్రీకు, హీబ్రూ కూడా వచ్చని పేరు. తర్వాత సన్యాసినుల మఠానికి పెద్ద అయింది. ఆడపిల్లకు చదువుల తల్లి పేరు పెట్టడంలో తప్పేముంది? ఎలీజ్ అనడం మొదలుపెట్టేలోగానే అయిపోతుంది.

పాత మాస్టారు:
చరిత్ర చెప్పినప్పుడు సగంలో ఆపకూడదు నాయనా. ఆ ఎలోయీజ్ తనకు చదువు చెప్పడానికి వచ్చిన అబెలార్ అనే పండితుణ్ణి ప్రేమించింది. ఆమెను పెంచిన బంధువు మనుషుల్ని పంపి అతణ్ణి నపుంసకుణ్ణి చేయించాడు. ఇద్దరూ మఠాల పాలయ్యారు. అంతకుముందే వాళ్లకు ఒక కొడుకు పుట్టాడు. వాడికి పెట్టిన పేరు ఆస్ట్రొలాబ్. నక్షత్రాల ఎత్తు కొలిచే ఇత్తడి పరికరం పేరది! పేర్ల విషయంలో ఆ ఇంటిని ఆదర్శంగా తీసుకోవద్దు.

పెన్న ఒడ్డు:
మాస్టారూ, మా బంధువుల్లో ఒకాయన కొడుక్కి స్పుత్నిక్ అని పెట్టాడు. వాడు చక్కగా ఎరువుల కొట్టు నడుపుకుంటున్నాడు.

దోర్నాల దారి:
అసలు ఫ్రెంచి పేరే ఎందుకు? ఆ పేర్లు మన నోట బతకవు. నిజాం కొలువులో రేమండ్ అని ఫ్రెంచి సేనాని ఉండేవాడు. హైదరాబాదు జనం ఆయన్ను మూసా రాముడు చేసేశారు. మూసారాంబాగ్ ఆయన పేరు మీద వచ్చినదే. అంతటి సేనానికే అలా జరిగితే నాలుగు నెలల పిల్ల ఎంత?

ఫ్రెంచి పాఠం:
మూసారాంబాగ్ ఇప్పటికీ ఉంది కదండీ, ఇంతకన్నా బతకడమంటే ఏమిటి? ఆ మాటకొస్తే ఇష్టమైన పేరు పెట్టుకునే హక్కు ఫ్రాన్సులోనే చాలాకాలం లేదు. 1803లో వచ్చిన చట్టం ప్రకారం క్యాలెండర్లలో ఉన్న పేర్లో, ప్రాచీన చరిత్రలోని పేర్లో పెట్టుకోవాలి. తల్లిదండ్రులకు స్వేచ్ఛ వచ్చింది 1993లోనే. మనకు మొదటి నుంచీ ఉంది, వాడుకుంటే వచ్చిన బాధేమిటి?

సంఘం అక్క:
అందరూ కాగితం మీద పేరు చూస్తున్నారు. నేను పెరట్లో నిలబడి పిలిచి చూశాను. దూరంగా ఆడుకునే పిల్లను కేకేస్తే మనం చివరి హల్లు మింగేసి ముందున్న అచ్చును సాగదీస్తాం. ఎలోయీజ్ అలా "ఎలోయీ" అవుతుంది. రెండోసారి పిలిస్తే "ఎలోయీ, ఎలోయీ". చెల్లీ, ఈ మాట ఎక్కడ విన్నావో గుర్తొచ్చిందా? మంచి శుక్రవారం నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగోది. మార్కు సువార్తలో "ఎలోయీ, ఎలోయీ, లామా సబక్తానీ". నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావని సిలువ మీద వేసిన కేక అది. సాయంత్రం ఆరింటికి అన్నానికి రమ్మని పిల్లను అలా పిలుస్తావా? మా సంఘంలో ముసలమ్మలు వింటే అక్కడే మోకరిస్తారు.

ఒంగోలు మనవడు:
అక్కా, అదే మాట మత్తయి సువార్తలో "ఏలీ, ఏలీ" అని ఉంది. ఎలీజ్‌ను కేకేస్తే వచ్చేదీ దాదాపు అదే. మీ లెక్కన రెండు పేర్లూ పోయినట్టే!

సంఘం అక్క:
మత్తయిని మరిచిపోయాను. నిజమే. కానీ ఎలీని "ఎలీసమ్మా" అని తిప్పుకోవచ్చు. ఎలోయీకి ఆ దారి లేదు. నా ఓటు ఎలీజ్‌కే.

పెన్న ఒడ్డు:
ఎలీ అంటే బడిలో పిల్లలు ఎలుక అంటారు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదని నేను ఎత్తుతున్నాను.

సచివాలయం మెట్లు:
ముద్దుపేర్ల సంగతి మీరు చూసుకోండి, నేను కాగితం సంగతి చెబుతాను. పేరు లేకుండా జననం నమోదైతే 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు. అది దాటితే 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి చేర్చుకోవాలి. కాబట్టి కంగారు లేదు. కానీ 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ పత్రమే రుజువు. ఒకసారి తప్పు పడితే ఆ తప్పు అన్నిటికీ పాకుతుంది. మా అమ్మాయి పేరులో ఒక అక్షరం ఒక ఆఫీసులో జారిపోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి నోటరీ, అఫిడవిట్, మూడు పనిదినాలు, ఆరు జిరాక్సులు. ఒక్క 'ఓ'తో ఇంకో పేరుగా మారిపోయే పేరంటే నాకు భయమే. ఎలోయీజ్‌లో 'ఓ' జారితే ఎలీజ్ అవుతుంది, అదీ సొంపైన పేరే కనుక తప్పని ఎవరూ గుర్తుపట్టరు. ఎలీజ్‌లో జారడానికి 'ఓ' లేదు.

కావలి కోడలు:
అందరికీ ధన్యవాదాలు. సంఘం అక్క మాట చదివి మా వారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మేడ మీదికెళ్లి మెల్లగా పిలిచి చూసుకున్నారు, నాకు కిందికి వినపడింది.

నిన్న నాయనమ్మకు ఫోను చేశాం. ముందు ఎలీజ్ అన్నాం. "ఎలీసా? సరే" అన్నారు. తర్వాత ఈయన ఎలోయీజ్ అన్నారు. అవతల కాసేపు మాట లేదు. "దగ్గుతున్నావా నాయనా, మిరియాల పాలు తాగు" అన్నారు. మొదటిది ఆవిడ పేరే అని చెప్పాం. మురిసిపోతారనుకున్నాను. "నా పేరు రేషను కార్డులో ఒకలా, పింఛను పుస్తకంలో ఇంకోలా ఉంది. దాని బదులు చిన్నదే పెట్టండి, దానికైనా ఒకలా ఉంటుంది" అన్నారు. కాబట్టి ఎలీజ్ ఖాయం. ఇక ఒక్కటే సందేహం: తెలుగులో రాసేటప్పుడు జకు పొల్లు పెట్టాలా, కొమ్మిచ్చి ఎలీజు అనాలా?

పాత మాస్టారు:
పొల్లు పెట్టండి. కొమ్ము ఎలాగూ ఊరివాళ్లే ఇస్తారు.

కావలి అల్లుడు:
నేను ఈవిడ భర్తను. ఖాయమని నేను అనలేదు. సచివాలయం మెట్లు గారి లెక్క ప్రకారం ఇంకా ఎనిమిది నెలల గడువుంది.