టీ రూములు ఆడవాళ్లకు చోటిచ్చాయా, గిరి గీశాయా?

పాతపేజీ:
మొన్న ఇక్కడ ఒకరు "టీ రూములంటే డబ్బున్న ఆడవాళ్ల కాలక్షేపం, దానికో చరిత్రా" అన్నారు. నేను ఒప్పుకోను. విక్టోరియా రాణి కాలం నాటి లండన్‌లో మధ్యతరగతి ఆడమనిషి ఒంటరిగా బజారుకొస్తే కాసేపు కూర్చోడానికి చోటుండేది కాదు. పబ్బులో అడుగుపెడితే పరువు పోతుంది. చాలా రెస్టారెంట్లలో మగతోడు లేకపోతే రానిచ్చేవారు కాదు. ఆడవాళ్లకు మరుగుదొడ్లు కూడా అరుదే, ఆపుకోగలిగినంతసేపే ఊళ్లో ఉండాలి. 1864లో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ అనే రొట్టెల వ్యాపారులు ఫెన్‌చర్చ్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర టీ దుకాణం పెట్టారు. 1894లో లయన్స్ అనే ఇంకో కంపెనీ వాళ్లు పికడిల్లీలో ఒకటి తెరిచారు. మందు ఉండదు, ధర తక్కువ, ఒంటరిగా వచ్చినా ఎవరూ ఎగాదిగా చూడరు. ఆఫీసుల్లో టైపు కొట్టే అమ్మాయిలు మధ్యాహ్నం అక్కడే తినేవారు. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఊళ్లో ఉండగలగడం చిన్న విషయమా?

నడిరోడ్డు:
చోటు లేనిది ఏ ఆడవాళ్లకండీ? పూలమ్మేవాళ్లు, చేపలమ్మేవాళ్లు అప్పటికే రోజంతా వీధిలోనే ఉన్నారు. వాళ్ల పరువు గురించి ఎవరూ బెంగపడలేదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 1903లో తెరిచిన విల్లో టీ రూమ్స్ చూడండి. మేడ మీద ఆడవాళ్ల కోసం రూమ్ డి లక్స్. వెండిరంగు వేసిన ఎత్తు వీపు కుర్చీలు, గోడల చుట్టూ అద్దపు పలకలు, వీధిలోకి తిరిగిన పెద్ద కిటికీ. అక్కడ కప్పు టీకి ఒక పెన్నీ ఎక్కువ! ఆ పెన్నీ దగ్గరే కొందరు ఆగిపోయారు. ఇక అదే గదిలో ట్రే పట్టుకుని పొద్దంతా నిలబడ్డ అమ్మాయిని మీ లెక్కలో ఎక్కడ వేస్తారు?

పాతపేజీ:
పెన్నీ సంగతి నిజమే, కాదనను. కానీ ఆ హోటలు యజమాని ఎవరు? కేట్ క్రాన్‌స్టన్. 1878లో ఆర్గైల్ స్ట్రీట్‌లో మొదటి టీ రూము పెట్టింది. 1892లో పెళ్లయ్యాక కూడా మిస్ క్రాన్‌స్టన్ పేరుతోనే వ్యాపారం నడిపింది. ఇంకో మాట. ఓటు హక్కు కోసం పోరాడిన ఆడవాళ్లు కలుసుకున్నది ఎక్కడ? 1912 మార్చిలో నిరసనగా కిటికీ అద్దాలు పగలగొట్టడానికి బయల్దేరేముందు చాలామంది లండన్‌లోని గార్డెనియా అనే రెస్టారెంట్లో జమయ్యారు. ఇళ్లలో ఆ మాటలు మాట్లాడుకోనిస్తారా?

తుంగభద్ర:
ఇద్దరూ లండన్, గ్లాస్గోల్లోనే ఉన్నారు, నాకు మాత్రం మన హోటళ్లలోని ఫ్యామిలీ రూమ్ గుర్తొస్తోంది. చిన్నప్పుడు అమ్మతో బస్టాండు పక్క హోటలుకి వెళ్తే సర్వరు మాకేసి చూడకుండానే "ఫ్యామిలీ లోపలండీ" అనేవాడు. లోపల పచ్చటి పరదా, జిడ్డు పట్టిన అంచు, తిరగని ఫ్యాను. బయట నాన్న వయసువాళ్లు పేపరు చదువుతూ గట్టిగా వాదించుకునేవారు. మాకు మాటలు వినపడేవి, మనుషులు కనపడేవారు కాదు. అయినా ఆ పరదా లేకపోతే అమ్మ ఆ హోటల్లో అడుగుపెట్టేదే కాదు. అందుకే నాకు "చోటా, గిరా" అన్న ప్రశ్నే సరిగ్గా అనిపించదు, మాకు రెండూ ఒకే గదిలో దొరికాయి.

నడిరోడ్డు:
తుంగభద్ర గారూ, మీరు చెప్పింది మనసుకు పట్టింది. గార్డెనియా విషయంలో పాతపేజీ గారి మాటా ఒప్పుకుంటాను. ట్రే మోసిన అమ్మాయి మాట మాత్రం వదలను. మా వీధిలో పొద్దున ఆరింటికి అడ్డా మీద కూలీ ఆడవాళ్లు బండి దగ్గర నిలబడే టీ తాగుతారు. వాళ్లకెవరూ పరదా కట్టలేదు, కుర్చీ కూడా వెయ్యలేదు.